ప్లాన్ రాసేముందు మనల్ని అడగాలండి
(నరసాపురంలో స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు, గ్రంథాలయ సిబ్బంది, డ్వాక్రా సంఘాల సభ్యులు కలుసుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. పెద్దలకి, లైబ్రేరియన్ గార్లకి, పంచాయతీ సెక్రటరీ గార్లకి, ముఖ్యంగా ఈ రోజు కూలి మానుకుని మరీ గోదావరి మధ్యలో ఉన్న లంక ఊళ్ళ నుంచి వచ్చిన అక్కలకి, చెల్లెళ్ళకి. మీరు వచ్చేరు కాబట్టే ఇది సభలా ఉంది, లేకపోతే మాలాంటివాళ్ళం ఒకళ్ళకొకళ్ళం చెప్పుకుని వెళ్ళిపోయేవాళ్ళం.

నాకిచ్చిన విషయం బడి బయట జనం నేర్చుకునే చదువు, దాని మీద సర్కారు చేసే విధానం, అందులో స్వచ్ఛంద సంస్థలు చెయ్యాల్సింది ఏంటి అని. బడి బయట చదువంటే అక్షరాలొక్కటే కాదండి, బ్యాంకు కాగితం చదువుకోవడం, తుఫాను హెచ్చరిక అర్థం చేసుకోవడం, ఫోన్లో వచ్చిన మెసేజి నిజమో మోసమో తేల్చుకోవడం, గ్రామసభలో లేచి మాట్లాడ్డం, ఇవన్నీ అందులోకే వస్తాయి. నేను చెప్పేది ఒకటే. ఈ పనికి మనల్ని పిలుస్తున్నారు, మంచిదే, కానీ ప్లాన్ అంతా అయిపోయి, ఫారాలు అచ్చయిపోయి, యాప్ కూడా తయారైపోయాక పిలుస్తున్నారు. ప్లాన్ రాయకముందే పిలవాలి. ఎందుకంటే ఈ గోదావరి జిల్లాల్లో ఇలాంటి చదువులు మొదలెట్టింది సర్కారు కాదు, సంఘాలే.

వీరేశలింగం పంతులు గారు ధవళేశ్వరంలో ఆడపిల్లలకి బడి పెట్టింది 1874లోనండి. పెట్టమని ఆయనకి ఎవరూ జీవో ఇవ్వలేదు, ఆడపిల్లలకి చదువెందుకు అనే రోజుల్లో పెట్టేరు. అదే ఏడు వివేకవర్ధని పత్రిక కూడా మొదలెట్టేరు. అంటే ఒక పక్క పిల్లలకి బడి, ఇంకో పక్క పెద్దవాళ్ళ బుర్రలు మార్చడానికి పత్రిక, రెండూ ఒకేసారి. ఈ రెండోదే మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్న చదువు, పెద్దవాళ్ళు మారకపోతే పిల్లలు బడికి రారు కదా.

తర్వాత గ్రంథాలయాలు. మన కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారు వాళ్ళు 1914 ఏప్రిల్‌లో బెజవాడలో గ్రంథాలయాల వాళ్ళందర్నీ పోగేసి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టేరు. ఊళ్ళల్లో ఎవరో ఒకరు గది ఇవ్వడం, ఇంకొకరు బీరువా ఇవ్వడం, పత్రిక తెప్పించి చదవడం రానివాళ్ళకి బయటికి చదివి వినిపించడం, ఇలా నడిచేయి అవి. పక్కన కృష్ణా డెల్టాలో కొమ్మమూరు కాలవ మీద 1935లో పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పేరండి, పెదపాలెం వాళ్ళు. కాలవలున్న చోట బండి కంటే పడవే సులువని వాళ్ళకి తెలుసు, ఎందుకంటే వాళ్ళు అక్కడే ఉంటారు కాబట్టి. ఆఫీసులో కూర్చుని ప్లాన్ రాసేవాళ్ళకి ఆ ఆలోచన రావడం కష్టం, అది వాళ్ళ తప్పని కూడా నేననను.

ఇదంతా జరిగి జరిగి, ఎప్పుడో 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చింది, తర్వాత 1960లో మన రాష్ట్ర చట్టం. ఇంటి పన్నుతో పాటు మీరు కట్టే లైబ్రరీ సెస్సు, రూపాయికి ఎనిమిది పైసలు, ఆ చట్టం వల్ల వచ్చిందే. సంఘాలు ముప్పై నలభై ఏళ్ళు సొంత డబ్బుతో చేసి చూపిస్తే దానికి పన్ను రూపంలో శాశ్వతమైన ఆదాయం వచ్చింది. నా దృష్టిలో స్వచ్ఛంద సంస్థలు విధానానికి చేసిన మేలు అంటే అదీ. ఆ సెస్సు చాలా చోట్ల వసూలు చేసి కూడా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యకుండా బాకీ పెట్టేస్తున్నారు, దాని సంగతి చివర్లో చెప్తాను.

ఇంకొక ఆవిడ గురించి చెప్పకుండా ముందుకెళ్ళలేను. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. 1909లో రాజమండ్రిలో పుట్టేరు, కాకినాడలో పెరిగేరు, ఇంకా చిన్నపిల్లగా ఉండగానే అక్కడ ఆడవాళ్ళకి హిందీ బడి పెట్టేరు. తర్వాత 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ. అక్కడ వాళ్ళేం చేసేరంటే, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళని, వితంతువుల్ని, మొగుడు వదిలేసినవాళ్ళని కూర్చోబెట్టి తక్కువ కాలంలో బెనారస్ మెట్రిక్ పరీక్షకి తయారు చేసేవారు. ఆరేళ్ళు ఏడేళ్ళు బడికెళ్ళే తీరిక వాళ్ళకి లేదు కదా, అందుకని. తర్వాత 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెడితే ఆవిడే మొదటి అధ్యక్షురాలు, సర్కారు డబ్బు స్వచ్ఛంద సంస్థలకి ఒక పద్ధతి ప్రకారం అందడం ఆ బోర్డుతోనే బలపడింది. 1958లో అదే బోర్డు పెద్ద వయసు ఆడవాళ్ళకి కండెన్స్‌డ్ కోర్సులని, అంటే తక్కువ కాలంలో పరీక్షకి తయారు చేసేవి, దేశమంతా మొదలెట్టింది. మద్రాసులో ఒక సభ చేసిన పనే దేశానికి స్కీము అయ్యింది. ఎందుకయ్యిందంటారు? ఆ పని తెలిసిన మనిషి ఆ స్కీము రాసే చోట కూర్చున్నారు కాబట్టి. నేను అడిగేది ఇదేనండి, కొత్తదేం కాదు.

మరి తర్వాత ఏమైంది? 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం వచ్చింది, 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చింది. తొంభైల్లో జిల్లా జిల్లాకీ అక్షరాస్యతా ఉద్యమాలు నడిచేయి, ఇక్కడ కూర్చున్న తల నెరిసిన వాళ్ళలో సగం మంది అప్పుడు లాంతరు పట్టుకుని తిరిగినవాళ్ళే, నాకు తెలుసు. ఆ రోజుల్లో సర్కారు, సంఘాలు కలిసే చేసేయి, పాటలు, నాటకాలు, కళాజాతాలు, ఆ ఊపే వేరు. నెల్లూరు జిల్లాలో రాత్రి బడికెళ్ళిన ఆడవాళ్ళు అక్షరాలతో పాటు తాగుడు గురించి మాట్లాడుకోవడం మొదలెట్టేరు, దూబగుంటలో సారా దుకాణం మూయించేరు, 1992లో అది రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. సారా వేలంపాట డబ్బు పోతుందని తెలిసి ఏ ఆఫీసూ అలాంటి పాఠం ముందుగా ప్లాన్‌లో రాయదు. నేర్చుకునేవాళ్ళు వాళ్ళ బతుకులో ఉన్నదాన్ని పాఠంలోకి తెచ్చుకున్నారు, నేర్పేవాళ్ళు అడ్డం పడకుండా నిలబడ్డారు. స్వచ్ఛంద సంస్థ ఉండాల్సింది అక్కడే.

తర్వాత 2009లో వయోజన విద్యకి సాక్షర భారత్ అని ఇంకో కార్యక్రమం వచ్చింది. 2001 జనాభా లెక్కల్లో పెద్దవయసు ఆడవాళ్ళ అక్షరాస్యత సగం, అంతకంటే తక్కువ ఉన్న జిల్లాల్నే ముఖ్యంగా దానికి ఎంచుకున్నారు. జిల్లా సగటు చూస్తే మన వైపు ఎప్పుడూ బాగానే కనపడుతుందండి. 2011 లెక్కల్లో పశ్చిమ గోదావరి 74 శాతం దాటింది, తూర్పు గోదావరి 71 శాతం దగ్గర, రాష్ట్రం మొత్తం 67. సంతోషమే. కానీ ఆ సగటులో భీమవరం టౌనూ ఉంది, గోదావరి మధ్యలో వరదొస్తే నాలుగు రోజులు బయటికి రాలేని లంకా ఉంది. జిల్లా అంకె చూసి ఇక్కడేం అవసరం లేదనుకునేవాళ్ళకి ఆ లంక కనపడదు. దాన్ని చూపించాల్సింది ఆ లంకలో సంఘం నడిపేవాళ్ళే. ఇక ఆ సాక్షర భారత్‌లో పంచాయతీకి ఇద్దరు చొప్పున పెట్టిన గ్రామ సమన్వయకర్తలకి నెలకి రెండు వేలు ఇచ్చేవారు, అది కూడా నెలనెలా వచ్చేది కాదు, 2018 మార్చి 31తో అదీ ఆపేశారు. అంతవరకు వాళ్ళు నేర్చుకున్న అనుభవం ఏమైందని ఎవరైనా అడిగేరా? ఇది నాకు చాలా బాధండి. మనుషుల్ని తయారు చేసి వదిలేసేం.

ఇప్పుడు నడుస్తున్నది ఉల్లాస్, నవ భారత సాక్షరతా కార్యక్రమం, 2022 నుంచి 2027 దాకా. పదిహేనేళ్ళు దాటినవాళ్ళకి. ఆలోచన మంచిదే, అక్షరాలు లెక్కలతో పాటు డబ్బు సంగతులు, డిజిటల్, చట్టం, ఆరోగ్యం ఇవన్నీ పెట్టేరు. అయిదేళ్ళకి మొత్తం 1,037.90 కోట్లు, అందులో కేంద్రానిది 700 కోట్లు, నేర్పాల్సింది 5 కోట్ల మందికి. భాగించండి మీరే. మనిషికి రెండొందల పైచిలుకు, అదీ అయిదేళ్ళకి. ఇక్కడ టీ, టిఫిను చేసి ఆటో ఎక్కితే అయిపోయే డబ్బు. మిగతాదంతా వాలంటీర్ల సేవ మీద నడవాలని అందులోనే రాసుకున్నారు, నేర్పేవాళ్ళకి గౌరవ వేతనం లేదు. సేవ చెయ్యడానికి మనకి అభ్యంతరం లేదండి, ఎప్పుడూ లేదు. కానీ ఖర్చు తగ్గించుకోవడానికి సేవని వాడుకోవడం వేరు, సేవ చేసేవాళ్ళ మాట విని ప్లాన్ వెయ్యడం వేరు.

ఆ ప్లాన్‌లో బడిని యూనిట్‌గా పెట్టేరు, అంటే ఊళ్ళో ప్రభుత్వ బడి చుట్టూ ఇదంతా నడవాలి. ఇక్కడే మనల్ని అడిగుంటే బాగుండేదనిపిస్తుంది. మన వైపు రొయ్యల ప్లాంట్లకి పనికెళ్ళే ఆడవాళ్ళున్నారు కదా, తెల్లారకుండానే బస్సెక్కుతారు, తిరిగొచ్చేసరికి వేళ్ళు నానిపోయి ఉంటాయి. ఆ చేత్తో పలక పట్టుకుని సాయంత్రం మళ్ళీ బడికి రమ్మంటే ఎలాగొస్తారు? వాళ్ళకి కుదిరే టైము ఆదివారం చర్చి అయ్యాక, లేకపోతే సంఘం మీటింగు రోజు, ఇంకో మాట చెప్పాలంటే ఆ బస్సులోనే. కంపెనీ బస్సులో రానూ పోనూ గంటన్నర కూర్చుంటారు, ఫోన్లో వినే పాఠం ఒకటి ఉంటే అక్కడ విన్నంత శ్రద్ధగా ఎక్కడా వినరు. ఇది నేను కనిపెట్టింది కాదు, ఆ బస్సెక్కే అమ్మాయే చెప్పింది.

లేసు అల్లే వాళ్ళ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, ఈ నరసాపురం చుట్టుపక్కలే ఇంటింటికీ ఉన్నారు. మిషనరీల కాలం నుంచీ తల్లి దగ్గర కూతురు నేర్చుకుంటూ వచ్చిన పని, 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఈ పేరు పెట్టుకుని వేరే చోటివాళ్ళు అమ్ముకోకూడదని. మరి ఆ గుర్తింపు వల్ల అల్లే మనిషికి ఒరిగేదేంటి, నమోదు చేసుకోవాలంటే ఎక్కడ, దారం లెక్క ఎలా చూసుకోవాలి, ఏజెంటు ఇచ్చే రేటుకీ బయట రేటుకీ తేడా ఎంత, ఇవి నేర్పే పుస్తకం ఏదండి? వాళ్ళకి అ ఆ లు చెప్పడానికి వెళ్ళేముందు ఈ ప్రశ్నలు వినాలి. వాటి కోసం కావాలంటే అక్షరాలు వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటారు, కుట్టు లెక్క తప్పకుండా అంత డిజైను అల్లే బుర్రలండి అవి.

గల్ఫ్ సంగతి ఇంకా పెద్దది. ఇటు పశ్చిమ గోదావరి, అటు కోనసీమ, ఎన్ని ఇళ్ళల్లోంచి ఆడవాళ్ళు కువైట్, మస్కట్ వెళ్ళేరో మీకే బాగా తెలుసు. పదో తరగతి పాసవ్వకపోతే పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే పనికి వెళ్ళేముందు సర్కారు అనుమతి తీసుకోవాల్సిన కేటగిరీలోకి వస్తుంది, ఆ పాస్‌పోర్టుతో కువైట్ లాంటి దేశాలకి ఇంటి పనికి వెళ్ళాలంటే ముప్పై ఏళ్ళు నిండాలి, సర్కారు ఏజెన్సీల ద్వారానే వెళ్ళాలి. రూలు వాళ్ళ రక్షణ కోసమే పెట్టేరు. కానీ ఆ రూలు ఉందని తెలియని అమ్మాయిని ఏజెంటు విజిటింగ్ వీసా మీద ఎక్కించేస్తాడు, తర్వాత అక్కడ ఏమైనా జరిగితే ఆవిడ లెక్కల్లోనే ఉండదు. మాకు తెలిసిన ఒక లంక ఊళ్ళో సాయంత్రం క్లాసు పెడితే మొదటి రోజే ఒకావిడ పాస్‌పోర్టు పట్టుకొచ్చి "ఇందులో ఏముందో చదవడం నేర్పండి చాలు, కథలు తర్వాత చూద్దాం" అంది. ఆ క్లాసుకి ఆ పాస్‌పోర్టే వాచకం అయ్యిందండి. పేరు, పుట్టిన తేదీ, గడువు తేదీ, వీసా మీద ఏం రాసుంది, ఆ నాలుగు ముక్కలు చదవడం వచ్చేసరికి ఇంకో పన్నెండు మంది చేరేరు. ఏ ఊళ్ళో ఏం అవసరమో ఢిల్లీ నుంచి, అమరావతి నుంచి కనపడదు. కౌలు రైతుదీ అంతే, 2019 చట్టం ప్రకారం సీసీఆర్‌సీ కార్డుకి, అంటే పంట సాగుదారు హక్కు పత్రానికి, భూమి గలాయన సంతకం కావాలి, ఆయన పెట్టనంటే ఏం చెయ్యాలి, ఎవరికి చెప్పుకోవాలి, ఆ మాట నేర్పేవాళ్ళు లేరు. తుఫాను సంగతి వేరే చెప్పక్కర్లేదు, 1996 నవంబరు ఆరో తారీఖు రాత్రి గుర్తున్న వాళ్ళు ఇక్కడ చాలా మందే ఉన్నారు.

ఇప్పుడు వేరే దేశం ఉదాహరణ ఒకటి చెప్తాను, స్కాట్లండ్. అక్కడ దీన్ని కమ్యూనిటీ లెర్నింగ్ అండ్ డెవలప్‌మెంట్ అంటారు. 2013లో అక్కడ రూల్స్ తెచ్చేరు, దాని ప్రకారం ప్రతి లోకల్ కౌన్సిలూ మూడేళ్ళకోసారి ఈ చదువు మీద ప్లాన్ ప్రచురించాలి. ప్లాన్ రాసేటప్పుడు నేర్చుకునేవాళ్ళ తరఫువాళ్ళని, నేర్పే సంస్థలని సంప్రదించి తీరాలి. నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది, ఈ మూడేళ్ళలో మేం తీర్చలేని అవసరాలు ఏంటో కూడా ఆ ప్లాన్‌లో రాయాలి. ఊహించండి, మన మండలం ప్లాన్‌లో "ఈ అయిదు లంకలకి ఈ ఏడు ఏమీ చెయ్యలేకపోతున్నాం" అని రాసుంటే ఎలా ఉంటుందో. అప్పుడు ఎందుకు చెయ్యలేదని అడగొచ్చు, ఎవరైనా ముందుకొచ్చి మేం చేస్తామనొచ్చు. ఇప్పుడు మన కాగితాల్లో అన్నీ నూటికి నూరు శాతం పూర్తే. అక్కడ మాత్రం అంతా సజావుగా ఉందా అంటే లేదు, డబ్బు చాలట్లేదని అక్కడి సంస్థలూ అడుగుతూనే ఉన్నాయి. కానీ అడగడానికి చేతిలో ఒక చట్టం ఉంది.

మనకలాంటిది కుదరదంటారా? ఎందుకు కుదరదండి, మన కాలవలకి కుదిరింది కదా! 1997లో మన రాష్ట్రం నీటి సంఘాల చట్టం తెచ్చింది. ధవళేశ్వరం బ్యారేజీ కింద పది లక్షల ఎకరాలకి నీళ్ళు వస్తున్నాయి, కాలవ పూడిక, లాకు మరమ్మత్తు మీద రైతుల సంఘానికి చట్టంలోనే చోటు ఇచ్చేరు, ఎన్నికలు పెట్టేరు, మొన్న 2024 డిసెంబరులో కూడా ఎన్నికలయ్యేయి. అందులో లోటుపాట్లున్నాయి, కాదన్ను, కానీ కాలవ సంగతి ఇంజనీర్లకొక్కళ్ళకే వదలకూడదని ఒప్పుకున్నారు. చదువు సంగతి కూడా అంతే.

చట్టంలో మనకి అసలేం లేదా అంటే, ఉంది. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకి ఇవ్వదగ్గ 29 అంశాలు రాసేరు. పంతొమ్మిదోది వయోజన, అనియత విద్య, అంటే మనం చెప్పుకుంటున్న బడి బయట చదువే. ఇరవయ్యోది గ్రంథాలయాలు. అలాగే 2007లో కేంద్రం స్వచ్ఛంద రంగం మీద జాతీయ విధానం ఒకటి ఆమోదించింది, సర్కారూ సంస్థలూ కలిసి ఉమ్మడి సంప్రదింపుల బృందాలు పెట్టుకోవాలని అందులో ఉంది. మంచి కాగితమే కానీ దానికి చట్టబలం లేదు, అందుకే చాలా మంది ఆఫీసర్లకి దాని పేరు కూడా తెలియదు.

ఇంతసేపు సర్కారుని అన్నాను, మనవాళ్ళ గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. మనం ఎవరి తరఫున మాట్లాడుతున్నాం అని వాళ్ళడిగితే మన దగ్గర జవాబుండాలి. బోర్డు మీద పేరు, బ్యాంకు ఖాతా, ఇంట్లో నలుగురూ కమిటీలో ఉన్న సొసైటీలు ఎన్ని లేవు? 2001 సొసైటీల చట్టం కింద ఏటా పెట్టాల్సిన సర్వసభ్య సమావేశం నిజంగా జరిపే సంస్థలు చేతులెత్తమంటే ఎన్ని లేస్తాయో నాకు అనుమానమే. ప్రాజెక్టు డబ్బు ఉన్నన్నాళ్ళు ఊళ్ళో కనపడి, అయిపోగానే వేరే ప్రాజెక్టుకి వెళ్ళిపోయే సంస్థని ఊరెందుకు నమ్మాలి? నేర్చుకునేవాళ్ళు మన కమిటీలో ఉండాలి. కనీసం సగం మంది. లెక్కలు గ్రంథాలయం గోడ మీద అంటించాలి. అది చేస్తే అప్పుడు మన మాటకి విలువ ఉంటుంది. ఇంకోటి, మనం సర్కారుకి బదులు కాదు. సర్కారు చెయ్యాల్సిన ఖర్చు మనం చందాలు పోగేసి చేసేస్తే వాళ్ళు సంతోషంగా వదిలేస్తారు. చేసి చూపించాలి, తర్వాత బడ్జెట్‌లో పెట్టమని పట్టుబట్టాలి. గ్రంథాలయాల వాళ్ళు చేసింది అదే.

సరే, ఇక పని సంగతి. ప్రతి ఏడూ అక్టోబరు 2 నుంచి వచ్చే ఏడాదికి పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారు చేసే గ్రామసభలు మొదలవుతాయి. రోడ్లు, డ్రైన్లు, లైట్లు రాస్తారు, వాటితో పాటు పంతొమ్మిదో అంశం కింద కూడా ఒక లైను పడాలి. దానికి ముందు మీ సంఘం ఇరవై ముప్పై ఇళ్ళకైనా వెళ్ళి "మీకేం నేర్చుకోవాలనుంది, ఏ టైముకి కుదురుతుంది, ఎక్కడ కూర్చుంటారు" ఈ మూడే అడిగి రాసుకోండి. అక్షరాలొచ్చా రావా అని అడక్కండి, ఆ ప్రశ్నతో మనిషి ముడుచుకుపోతారు. రాసుకున్నది ఒక్క పేజీలో పెట్టి గ్రామసభలో చదవండి, తీర్మానం పుస్తకంలో ఎక్కించమనండి, ఎక్కించాక ఫోటో తీసుకోండి. చివర్న "మా సంఘం ఇది చెయ్యగలదు, ఇది చెయ్యలేదు" అని కూడా రాయండి. అలాగే మీ పంచాయతీ లైబ్రరీ సెస్సు ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసింది అని అదే సభలో అడగండి, సమాచార హక్కు చట్టం కింద రాసి అడిగినా ఇస్తారు. సెక్రటరీ గార్లు ఇక్కడే ఉన్నారు, వాళ్ళ మీద యుద్ధం కాదిది, వాళ్ళకి పైనుంచి డబ్బు రావాలన్నా ఈ తీర్మానాలే పనికొస్తాయి. ఇలా ఒక యాభై ఊళ్ళ పేజీలు మన చేతిలో ఉంటే కలెక్టర్ గారి దగ్గరికి వెళ్ళి "జిల్లా ప్లాన్ రాసేముందు ఇవి చూడండి, మమ్మల్ని కూర్చోబెట్టి అడగండి" అనొచ్చు, ఉత్త చేతుల్తో వెళ్ళి అడిగేదానికీ దీనికీ చాలా తేడా ఉంటుంది.

ఆ పేజీ నమూనా తలుపు దగ్గర బల్ల మీద పెట్టేం, సంఘానికి ఒకటి చొప్పున తీసుకోండి, ప్రశ్నలు మీ ఊరికి తగ్గట్టు మార్చుకోవచ్చు. ఇప్పుడు మీరు మాట్లాడాలి. సఖినేటిపల్లి వైపు వెళ్ళాల్సినవాళ్ళు గోదావరి దాటించే పంటు అందుకోవాలి కాబట్టి ముందు వాళ్ళకి మైకు ఇద్దాం, టౌను వాళ్ళం తర్వాత మాట్లాడుకోవచ్చు. వెనకాల నీలం చీర అక్క చెయ్యెత్తేరు, ముందుకి రండమ్మా.